ప్రయోగం పిల్లల చేతికి అందిన ఎనిమిది ఆదివారాలు

సికింద్రాబాద్ వైపు ఒక విజ్ఞాన కేంద్రం నిర్వహించిన వేసవి తరగతులకు మా పిల్లలిద్దరినీ పంపించాను. అయిదో తరగతి పూర్తిచేసిన మా అమ్మాయి తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లల బృందంలోను, ఎనిమిది పూర్తిచేసిన మా అబ్బాయి పదమూడు నుంచి పదహారేళ్ల వారి బృందంలోను చేరారు. ఎనిమిది ఆదివారాలు, ఉదయం పది నుంచి పన్నెండున్నర వరకు తరగతులు జరిగాయి. రుసుము ఒక్కొక్కరికి 3,200 రూపాయలు. నాకు కనిపించిన లోపాలను నిర్వాహకులకు నేరుగా రాసి పంపాను, సరిదిద్దుకునే అవకాశం వారికి ఉండాలి కనుక కేంద్రం పేరు ఇక్కడ చెప్పడం లేదు. అయినా ఇలాంటి తరగతుల కోసం వెతుకుతున్న తల్లిదండ్రులు చేర్పించే ముందు ఏమి చూడాలో, ఏమి అడగాలో తెలుసుకోవడానికి ఈ అనుభవం పనికివస్తుందని నమ్ముతున్నాను.

తల్లిదండ్రులను వెనుక బెంచీలలో కూర్చోనిస్తారు. అందువల్ల చిన్న పిల్లల తరగతులు దాదాపు అన్నీ నేను స్వయంగా చూశాను.

నాకు బాగా గుర్తుండిపోయినది రెండో ఆదివారం నాటి లోలకం పాఠం. ప్రతి బల్లకు ఒక స్టాండు, దారం, కొన్ని ఇనుప నట్లు, స్కేలు, స్టాప్‌వాచ్ ఇచ్చారు. బోధించే మేడమ్ సూత్రమేదీ బోర్డు మీద రాయలేదు. దారానికి ఒక నట్టు కట్టి ఊపితే వేగంగా ఊగుతుందా, మూడు కట్టి ఊపితే వేగంగా ఊగుతుందా అని అడిగి, ఎవరి ఊహ వారు ముందు నోటుబుక్కులో రాసుకోవాలన్నారు. మూడు నట్లదే వేగమని మా అమ్మాయి రాసింది. తరవాత దారం పొడవును 25 సెంటీమీటర్లకు సరిచేసి, ఇరవై ఊపులకు (ఒక వైపు వెళ్లి తిరిగి వస్తే ఒక ఊపు) ఎంత సమయం పడుతుందో చూడమన్నారు. పక్క బల్లల వాళ్లకు ఇరవై సెకన్లు వస్తుంటే మా అమ్మాయికి మాత్రం ప్రతిసారీ పందొమ్మిదే వచ్చాయి. స్కేలు తప్పని, గడియారం తప్పని కాసేపు వాదించింది. మేడమ్ ఆ బల్ల దగ్గరకు వచ్చి, ఏమీ దిద్దకుండా, "నువ్వు లెక్కపెడుతుంటే నేను చూస్తానమ్మా, మళ్లీ మొదలుపెట్టు" అన్నారు. నట్టును వదిలిన క్షణంలోనే మా అమ్మాయి "ఒకటి" అంటోంది. ఆ క్షణానికి ఒక్క ఊపు కూడా పూర్తి కాలేదు కాబట్టి అక్కడ "సున్న" అనాలి. ఆ సంగతి మేడమ్ చెప్పలేదు. నాలుగోసారి లెక్కపెడుతూ పిల్లే పట్టుకున్నది. తన తప్పును తానే కనిపెట్టినప్పుడు దాని ముఖంలో కనిపించిన వెలుగును ఏ ప్రశంసాపత్రమూ తెచ్చిపెట్టలేదు.

ఆ ఒక్క తప్పు దొరకడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటను తరగతి భరించగలగడమే ఈ కేంద్రంలో నాకు నచ్చిన గుణం. ఆ తరవాత నట్లు పెంచినా సమయం మారడం లేదని, దారం పొడవు మారిస్తేనే మారుతోందని పిల్లలు గమనించారు. పొడవును రెట్టింపు చేస్తే సమయం కూడా రెట్టింపవుతుందని అందరూ ఊహించారు గాని, 50 సెంటీమీటర్లకు ఇరవై ఊపుల సమయం ఇరవై ఎనిమిది సెకన్ల దగ్గరే ఆగింది. నలభై సెకన్లు రావాలంటే దారాన్ని ఏకంగా మీటరుకు పెంచవలసి వచ్చింది. వర్గమూలం అనే మాట తెలియని వయసులోనే, నాలుగు రెట్ల పొడవుకు రెండు రెట్ల సమయమన్న సంబంధాన్ని వాళ్లు గ్రాఫు కాగితం మీద వంపు గీతగా చూశారు. ఒకే ఊపును కాక ఇరవై ఊపులను కొలిచి భాగించడం ఎందుకన్న ప్రశ్న కూడా అక్కడే వచ్చింది: గడియారం నొక్కడంలో చెయ్యి చేసే ఆలస్యం ఇరవై ఊపుల మీద పంచుకుపోతుంది.

భాష విషయంలో వారి పద్ధతిని ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. పిల్లలు ఎక్కువమంది ఇంగ్లీషు మీడియం వాళ్లే అయినా పాఠమంతా తెలుగులోనే నడిచింది. లోలకం, పెండ్యులం అనే రెండు మాటలనూ కలిపి వాడారు. ప్రశ్న అడగడానికి సంకోచించే పిల్లలకు ఇది ఎంత ధైర్యాన్నిచ్చిందో వెనుక బెంచీల నుంచి స్పష్టంగా కనిపించింది.

మే 9 ఆదివారం కాకపోయినా, ఆ రోజు మధ్యాహ్నం రెండు బృందాలనూ ప్రత్యేకంగా పిలిచారు. ఏటా మేలో ఇంచుమించు ఆ రోజునే హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, నిటారుగా నిలబెట్టిన వస్తువుకు నీడ కనిపించకుండా పోతుంది. డాబా మీద తెల్లటి చార్టు పరిచి, దాని మీద పీవీసీ పైపు ముక్కను నిలబెట్టి, పదకొండూ ముప్పావు నుంచి అయిదేసి నిమిషాలకు ఒకసారి నీడ కొనను పిల్లలు పెన్సిలుతో గుర్తించారు. నీడ పూర్తిగా పైపు అడుగున దాగింది పన్నెండు గంటలకు కాదు, 12:12కి. నడిమధ్యాహ్నమంటే పన్నెండే కదా అని ఒక పిల్లవాడు అడిగాడు. మేడమ్ పటం తెచ్చి చూపించారు: మన గడియారాలు కాకినాడకు కాస్త తూర్పుగా వెళ్లే 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి, హైదరాబాదు 78½ దగ్గర ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు మనకు పదహారు నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి రావాలి. మిగిలిన నాలుగు నిమిషాల తేడా ఎక్కడిదని పెద్ద పిల్లలు పట్టుబట్టి అడిగారు. భూమి సూర్యుని చుట్టూ తిరిగే వేగం ఏడాది పొడవునా ఒకేలా ఉండదని, దాని అక్షం కూడా వంగి ఉందని, అందువల్ల సూర్యుడు గడియారం కంటే కొన్నాళ్లు ముందు, కొన్నాళ్లు వెనుక ఉంటాడని, మే మొదట్లో మూడు నాలుగు నిమిషాలు ముందుంటాడని ఆమె వివరించారు. ఆ సాయంత్రం మా అబ్బాయి విజయవాడలోని వాళ్ల బాబాయికి ఫోన్ చేసి, అక్కడ నీడ కనిపించని రోజు కొద్ది రోజుల క్రితమే వెళ్లిపోయిందని, దక్షిణాన ఉన్న ఊళ్లకు మేలో ముందుగా వస్తుందని చెప్పాడు. అది తరగతిలో ఎవరూ చెప్పిన సంగతి కాదు, వాడు స్వయంగా పటం చూసి తెలుసుకున్నది.

అయిదో ఆదివారం పిల్లలను నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకువెళ్లారు. 1985 నుంచి ఉన్న నక్షత్రశాల ఆకర్షణ ఎలాగూ ఉన్నదే. మా పిల్లలు మాత్రం 2000లో ప్రారంభమైన డైనోసారియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం దగ్గరే ఎక్కువసేపు గడిపారు. ప్రాణహిత–గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన ఈ జంతువును 1988లో శాస్త్రీయంగా వర్ణించి పేరుపెట్టారు. మన నేలలోంచే బయటపడిన ఎముకల ముందు నిలబడి, "ఇందులో దొరకని భాగం ఏదై ఉంటుంది?" అని మేడమ్ అడిగారు. పిల్లలు తోక అన్నారు, కాలిగోళ్లు అన్నారు. నిజానికి దొరకనిది పుర్రె. తలకు సంబంధించి దొరికినవి రెండు పళ్లు మాత్రమే. ఇక్కడ ముట్టుకుని చేసే పనేమీ లేకపోయినా, దొరికిన ఎముకల నుంచి దొరకనిదాన్ని ఎలా ఊహిస్తారన్న చర్చ అరగంట సాగింది. గతంలో మా అమ్మాయి చదివిన పాఠశాల ఇలాంటి ప్రదర్శనశాలకే తీసుకువెళ్లి, రెండు వరుసల్లో నడిపించి, గంటలోపే బస్సు ఎక్కించింది. ఆ యాత్ర నుంచి పిల్లకు గుర్తున్నది బస్సులో తిన్న చిరుతిండి మాత్రమే.

ఇప్పుడు పెద్ద పిల్లల తరగతుల సంగతి. ఇక్కడ నేను నిరాశపడ్డాను. వారికి ఎలక్ట్రానిక్స్ పేరుతో ప్రతివారం ఒక పెట్టె, అందులో ముందే లెక్కకట్టి పెట్టిన విడిభాగాలు, ఒక అచ్చు కాగితం ఇచ్చారు. కాగితంలో ఉన్న వరుసలో తీగలు కలిపితే నలభై నిమిషాల్లో దీపం వెలుగుతుంది, అందరూ ఫొటో తీసుకుంటారు. ఎల్‌ఈడీ దీపానికి ముందు విద్యుత్తును అదుపు చేసే ఆ రెసిస్టర్ ఎందుకు పెట్టావని మా అబ్బాయిని అడిగితే, "కాగితంలో అలా ఉంది నాన్నా" అన్నాడు. తొమ్మిది వోల్టుల బ్యాటరీలో ఎర్రని ఎల్‌ఈడీ సుమారు రెండు వోల్టులు తీసుకుంటే మిగిలిన ఏడు వోల్టులు ఎక్కడికి పోవాలి, 15 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తే ప్రవహించాలంటే ఎన్ని ఓముల రెసిస్టర్ కావాలి అన్నది తొమ్మిదో తరగతికి వెళ్లే పిల్లవాడు చేయగల భాగహారం. లెక్కకు 467 వస్తుంది, దుకాణంలో దొరికేది 470. ఆ లెక్క చేయించి, ఒకసారి తక్కువ ఓములు పెట్టి ఎల్‌ఈడీ కాలిపోవడాన్ని కూడా కళ్లారా చూడనిస్తే కేంద్రానికి అయ్యే నష్టం కొద్ది రూపాయలే. ఆరో వారం వారి బోధకుడు రాకపోవడంతో చిన్న పిల్లల మేడమే ఆ తరగతి కూడా తీసుకుని, అచ్చు కాగితం లేకుండా బ్యాటరీలు, బల్బులు, తీగలు ఇచ్చి, రెండు బల్బులు ఒకే కాంతితో వెలిగే అమరికలు ఎన్ని ఉన్నాయో కనుక్కోమన్నారు. ఆ రోజు మా అబ్బాయి ఇంటికి వచ్చి పాత టార్చిలైటు విప్పాడు. కనుక లోపం వయసుదీ కాదు, విషయానిదీ కాదు. అచ్చు కాగితాన్ని పాఠంగా భావించడంలో ఉంది.

మరో లోపం బల్లకు నలుగురిని కూర్చోబెట్టడం. చొరవగల పిల్లలు పరికరాన్ని పట్టుకుంటారు, నెమ్మదస్తులు వారాల తరబడి అంకెలు రాస్తూ ఉండిపోతారు. మూడో వారం మరొక తల్లి ఈ మాట చెప్పాక పనులను వంతులవారీగా మార్చారు గాని, ఇద్దరికి ఒక స్టాండు ఉంటే ఆ వంతుల అవసరమే ఉండదు. తాగునీరు, పరిశుభ్రత బాగానే ఉన్నాయి. బండ్లు నిలుపుకోవడానికి చోటు తక్కువ.

తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలున్న వారికి ఈ తరగతులను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. టీనేజీ పిల్లలను చేర్పించేవారు మాత్రం ముందుగా ఒక తరగతి చూడనివ్వమని అడగాలి, తయారు పెట్టె కాక పిల్లలు తామే కొలిచి, లెక్కకట్టే పని ఎన్ని వారాలు ఉంటుందో కనుక్కోవాలి. సూర్యుడు తిరుగు ప్రయాణంలో మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో హైదరాబాదు నడినెత్తికి వస్తాడు. మేఘాలు అడ్డురాకపోతే ఆ రోజు కూడా డాబా తెరిచి ఉంచుతామని, పాత విద్యార్థులెవరైనా రావచ్చని కేంద్రం వారు చెప్పారు. పైపు ముక్కను మా అమ్మాయి ఇప్పటికే తన అలమరలో దాచుకున్నది.