‘నాటడానికి సిద్ధం’ అంటూ అమ్ముతున్న వరిగడ్డి బేళ్లతో జాగ్రత్త

విజయవాడ, గుంటూరు నగరాల్లో మిద్దె తోటలు పెంచుకుంటున్న వారి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. మేడ మీదికి మట్టి మోయనవసరం లేకుండా వరిగడ్డి బేళ్లలోనే (యంత్రంతో గట్టిగా బిగించి కట్టిన గడ్డి కట్టల్లోనే) నేరుగా టమాటా, వంగ, మిరప, బంతి నారు నాటుకోవచ్చంటూ ఇక్కడ కొందరు ఇంటికే బేళ్లు చేరవేస్తున్నారు. పద్ధతిలో తప్పేమీ లేదు. సరిగా చేస్తే పంట వస్తుంది, ఆ తర్వాత మిగిలిన గడ్డి మంచి ఎరువు కూడా అవుతుంది. నా అభ్యంతరమంతా ‘మాగబెట్టిన బేలు, తెచ్చిన రోజే నాటుకోవచ్చు’ అనే మాట మీద, ఆ మాట పేరు చెప్పి వసూలు చేస్తున్న ధర మీద.

మాగబెట్టడం అంటే ఏమిటో తెలిస్తే మోసం ఎక్కడుందో తెలుస్తుంది. ఎండు వరిగడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. దాన్ని బాగా తడిపి, యూరియా వంటి నత్రజని ఎరువును రోజు విడిచి రోజు కొద్దికొద్దిగా చల్లుతూ నీరు పోస్తే, సూక్ష్మజీవులు పెరిగి గడ్డిని కుళ్లబెట్టడం మొదలుపెడతాయి. ఆ క్రమంలో బేలు లోపలి వేడి 50 డిగ్రీలు కూడా దాటవచ్చు. పది పన్నెండు రోజులకు వేడి దిగి, లోపలి గడ్డి రంగు మారి మెత్తబడుతుంది. వరిగడ్డిలో సిలికా ఎక్కువ కనుక అది గోధుమ గడ్డి కన్నా నెమ్మదిగా మెత్తబడుతుంది, అందువల్ల మరికొన్ని రోజులు ఆగడమే మంచిది. ఈ దశ దాటని బేలులో నారు పెడితే వేడికి వేళ్లు ఉడికిపోతాయి. ఒకవేళ మొక్క ఆ వేడిని తట్టుకున్నా, మనం వేసే ఎరువులోని నత్రజనిని ముందుగా సూక్ష్మజీవులే లాగేసుకుంటాయి కాబట్టి ఆకులు పాలిపోయి ఎదుగుదల ఆగిపోతుంది.

కార్తీక మాసం చివర్లో, డెల్టాలో కోతలు సాగుతున్న రోజుల్లో, విజయవాడలోని ఒక అమ్మకందారు నుంచి ఒక్కొక్కటి 650 రూపాయల చొప్పున నాలుగు బేళ్లు తెప్పించుకున్నాం. పైన నాలుగు వేళ్ల మందాన గడ్డి నల్లగా, తడిగా ఉంది. దాని మీద కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్టు చక్కగా పరిచి ఇచ్చారు. వారు చెప్పిన ప్రకారమే ఆ సాయంత్రం టమాటా, బంతి నారు నాటాం. రెండు మూడు రోజుల్లోనే మొక్కలు తలలు వాల్చేశాయి. నీరు చాలలేదేమో అనుకుందామంటే పైభాగమంతా తడిగానే ఉంది, వేలు లోపలికి దూర్చితే మాత్రం ఎక్కువసేపు ఉంచలేనంత వేడి. తాళ్లు కోసి ఒక బేలును విప్పి చూస్తే, పై పొర కింద ఉన్నదంతా పొలం నుంచి వచ్చింది వచ్చినట్టే పసుపుపచ్చగా, పొడిగా ఉన్న గడ్డి. పైభాగాన్ని మాత్రమే తడిపి, ఎరువు చల్లి, రంగు మార్చారన్నమాట. అది కోత యంత్రంతో కోసిన వరి గడ్డి కావడంతో రాలని గింజలు అందులో ఉండిపోయి, మేము నాటిన బంతి నారు నిలదొక్కుకోకముందే వరి మొలిచింది.

తూకంలోనూ ఇదే తీరు. బేలు 25 కిలోలని చెప్పారు, దించినప్పుడు తూస్తే ముల్లు దాదాపు అక్కడే నిలిచింది. విప్పిన బేలును ఎండలో ఆరబోసి మళ్లీ తూస్తే 13 కిలోలకు కాస్త అటూ ఇటుగా తేలింది, మిగిలిన బరువులో చాలావరకు పై పొరలో, దాని మీద పరిచిన కోకోపీట్‌లో ఉన్న నీరే.

ఫిర్యాదు చేస్తే మొదట మేము నీరు ఎక్కువ పోశామన్నారు. తర్వాత బేలును ‘చైతన్యపరిచే’ పొడి అంటూ అరకిలో పొట్లం 280 రూపాయలకు కొనమన్నారు. దాని మీద తయారీదారు పేరు లేదు, పోషకాల శాతం లేదు. తెల్లటి గుండ్రటి పలుకులు. నీళ్లలో వేస్తే యూరియా కరిగినప్పుడు చల్లబడినట్టే ఆ నీళ్లూ చల్లబడ్డాయి. రైతుకు 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుంది, అంటే అరకిలో మూడు రూపాయల లోపే. ఆ పొట్లంలో ఉన్నది యూరియా అయినా మరో ఎరువు అయినా, 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఎరువు సంచి మీద అందులోని పోషకాల వివరాలు ఉండి తీరాలి.

గుంటూరులో ఉన్న మా స్నేహితురాలు ఇదే అమ్మకందారు దగ్గర తీసుకున్న బేలులో టమాటా ఆకులు సన్నబడి మెలితిరిగాయి. పత్తి పండించే వాళ్ల ఇంటి ఆడపడుచు కాబట్టి ఆమె చూడగానే 2,4-డి కలుపు మందును అనుమానించింది. ఆ మందు వాడిన పంపుతోనే పత్తికి పిచికారీ చేస్తే ఆకులు బెండాకుల్లా చీలిపోవడం ఆ జిల్లా రైతులకు కొత్త కాదు. అయితే దీన్ని నేను అమ్మకందారు ఖాతాలో వేయను. వరిలో ఆ మందును పైరు చిన్నగా ఉన్నప్పుడే చల్లుతారు, కోత నాటికి గడ్డిలో మిగిలేది తక్కువ. పక్క ఇంట్లో కలుపు మందు కొట్టినా గాలికి వచ్చి పడవచ్చు. అనుమానం ఉన్నవారు గుప్పెడు గడ్డిని ముక్కలు చేసి కుండీ మట్టిలో కలిపి, మామూలు మట్టి ఉన్న మరో కుండీని పక్కన పెట్టి, రెండింటిలోనూ చిక్కుడు గింజలు వేసి చూడవచ్చు. గడ్డి కలిపిన కుండీలో మాత్రమే ఆకులు ముడుచుకుంటే ఆ గడ్డిని తోటలోకి రానివ్వకండి.

బేళ్లు దించేటప్పుడే పైన పరిచిన కంపోస్టు పక్కకు జరిపించి, ఒక ఇనుప చువ్వను బేలు నడిమికి దించి పది నిమిషాలు ఉంచండి. చువ్వ కాలుతుంటే బేలు ఇంకా ఉడుకుతోందని అర్థం. చల్లగా ఉందని సంతోషించకండి, అసలు మాగడం మొదలు కాకపోయినా చల్లగానే ఉంటుంది. అందుకే నడిమి గడ్డిని కొంత లాగి చూడాలి: మెత్తగా, ముదురు రంగులో, తడి మట్టి వాసనతో ఉండాలి. గడ్డివాము వాసన వస్తే అది పచ్చి సరుకు, ముక్కిన వాసన వస్తే బూజు పట్టిన సరుకు. నాలుగు రోజుల తర్వాత చిన్న పుట్టగొడుగులు లేస్తే మాత్రం కంగారు పడనక్కరలేదు, అవి కుళ్లడానికి గుర్తే. వాటిని కూర వండుకోకుండా ఉంటే చాలు.

మాగబెట్టుకునే ఓపిక ఉన్నవారికి సిద్ధం చేసిన బేళ్లతో పనే లేదు. కోతల కాలంలో కంకిపాడు, ఉయ్యూరు, తెనాలి వైపు పొలాల్లో యంత్రం కట్టిన చుట్టలను ఎండుగా ఉన్నప్పుడే తూయించి తెచ్చుకోవచ్చు. తడిసిన బేలు బరువు రెండు మూడింతలవుతుంది కనుక వాటిని స్లాబు నడుమ గుంపుగా పెట్టకుండా గోడల మీదుగా, దూలాల వెంబడి సర్దుకోవాలి.

మాకు బిల్లు ఇవ్వలేదు. డబ్బు పంపిన రసీదు, ప్రకటన ఫోటో, విప్పిన బేలు ఫోటోలు మాత్రం ఉన్నాయి. ఇప్పటికే మోసపోయిన వారు వీటిని చెరిపేయకుండా దాచుకుని 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు రుసుము లేదు, గడువు రెండేళ్లు.