చదివి వినిపిస్తే చాలా, ఆడి చూపించాలా?

ఆరు మ్యూజిక్ స్టాండులు, ఆరు కుర్చీలు. ఓ పక్కగా ఇంకో కుర్చీలో కళ్లద్దాల ఆవిడ. తెర లేదు, సెట్టు లేదు, మేకప్ లేదు. ఆవిడ గొంతు సవరించుకుని "తెల్లవారుజాము. వంటింట్లో ఒక్క దీపం వెలుగుతూ ఉంటుంది" అని చదివింది. ఆ దీపాన్ని మేమే మనసులో వెలిగించుకోవాలి. వెలిగించుకున్నాం కూడా. మొదటి రంగం అయ్యేసరికి ఆ వంటింట్లో కాఫీ వాసన వస్తున్నట్టే ఉంది.

అమెరికాలో లాటినెక్స్ రచయితల కొత్త నాటకాల పండగ అంటే చాలా చోట్ల ఇదే. స్క్రిప్టు చేత్తో పట్టుకుని చదువుతారు, మనం వింటాం. ముందుగా ఈ మాట గురించి ఒక ముక్క. స్పానిష్‌లో లాటినో అంటే లాటిన్ అమెరికా మూలాలున్న మగవాడు, లాటినా అంటే అలాంటి ఆడమనిషి. ఆ తేడా లేకుండా అందరికీ వర్తించేలా చివర ఎక్స్ పెట్టారు. ఇళ్లలో ఈ మాట వాడేవాళ్లు తక్కువే గానీ నాటక సంస్థల కరపత్రాల్లో మాత్రం పాతుకుపోయింది.

అసలు ప్రశ్న వేరే ఉంది. కొత్త నాటకం చేతిలో ఉన్న రచయితకి ఏది మేలు? ఇలా చదివి వినిపించే పండగా, పూర్తిగా ఆడి చూపించే పండగా, లేక పండగల జోలికి పోకుండా ఒక్కో నాటకాన్నీ ఒక్కో థియేటర్ చేత కట్టించడమా? అమెరికాలో ఈ మూడూ నడిచాయి, నడుస్తున్నాయి.

చదివే పద్ధతికి చరిత్ర పెద్దది. కాలిఫోర్నియాలో కోస్టా మేసా ఊళ్లో ఉన్న సౌత్ కోస్ట్ రెపర్టరీ, హిస్పానిక్ ప్లేరైట్స్ ప్రాజెక్ట్ పేరుతో 1980ల నడుమ నుంచి 2004 దాకా ఈ పని చేసింది. మొదలుపెట్టినవాడు హోసే క్రూస్ గొన్సాలెస్. నీలో క్రూస్, ఆక్టావియో సోలీస్ లాంటివాళ్ల రాతలు ఆ గదుల్లో సానపెట్టుకున్నవే. తర్వాత లాటినెక్స్ థియేటర్ కామన్స్ అనే నాటకకారుల కూటమి వాళ్లు షికాగోలోని డిపాల్ యూనివర్సిటీలో 2015లోనూ 2018లోనూ కార్నవాల్ పేరుతో కొత్త నాటకాల పండగ చేశారు. శాన్ డియేగో రెప్ కూడా లాటినెక్స్ కొత్త నాటకాల పండగ నడిపింది. 1976 నుంచి ఉన్న ఆ థియేటర్ 2022లో మూతపడింది.

ఇలా చదివి వినిపించడాన్నే రీడింగు అంటారు. దానికి ఖర్చు తక్కువ, అందుకే అందరూ దాని వైపే మొగ్గుతారు. అక్కడి నటుల యూనియన్ దగ్గర 29 గంటల రీడింగు అని ఒక ఒప్పందం ఉంది. రిహార్సల్స్, చివర చదవడం అన్నీ కలిపి 29 గంటలు దాటకూడదు. కంఠతా పట్టక్కర్లేదు, స్క్రిప్టు చేతిలోనే ఉంటుంది. ఆ కొద్ది గంటల్లో రచయిత కూర్చుని వింటూ, ఏ రాత్రికి ఆ రాత్రి మళ్లీ రాసుకుని పొద్దున్నే కొత్త కాగితాలు పట్టుకొస్తాడు. నిన్న పది పేజీలున్న రంగం ఇవాళ ఆరు పేజీలవుతుంది. నటి "ఈ మాట నా నోరు తిరగట్లేదు" అంటే అక్కడికక్కడే కొట్టేస్తాడు. సెట్టు వేశాక, లైట్లు పెట్టాక ఈ పని చెయ్యాలంటే డబ్బు, మనుషులు, కోపతాపాలు అన్నీ అడ్డం వస్తాయి.

ఇంకో లాభం ఉంది. నా లెక్కలో ఇదే పెద్దది. ఈ నాటకాల్లో సగం మాట ఇంగ్లీషు, సగం స్పానిష్. అమ్మమ్మ స్పానిష్‌లో తిడుతుంది, మనవరాలు ఇంగ్లీషులో ఎదురు చెబుతుంది. నేను చూసిన ఆ రీడింగులో అమ్మమ్మ ఏదో అనగానే హాల్లో సగం మంది ఘొల్లుమన్నారు. మిగతా సగం పక్కవాళ్ల మొహాలు చూశారు. రచయిత్రి చివరి వరసలో కూర్చుని పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంది. నవ్వు అందుకోని సగం మంది కోసం ఆ మాటని మనవరాలి నోట మళ్లీ చెప్పించాలా, లేక వాళ్లని అలాగే వదిలేయాలా? కాగితం మీద తేలే సంగతి కాదు ఇది. మనుషుల మధ్య చదివితేనే తెలుస్తుంది. అమెరికాలో పిల్లలతో సగం తెలుగు, సగం ఇంగ్లీషు మాట్లాడే మన ఇళ్లకి ఈ ఇబ్బంది కొత్త కాదు.

నా గొడవ కూడా చెప్పేస్తాను. ఇక్కడొక తెలుగు వేడుకకి నాటిక రాశాను. రెండు నెలలు రిహార్సల్, అందరికీ పోర్షన్ కంఠతా, గుమ్మం సెట్టు, హార్మోనియం. స్టేజీ ఎక్కాక రెండో రంగంలో జనం ఫోన్లు తీశారు. అక్కడ అరపేజీ ఎక్కువైందని ఆ క్షణంలో తెలిసింది. ఇంకేం లాభం? మన పరిషత్తు పోటీల్లో కూడా దాదాపు ఇంతే. నాటకం తయారై, లారీలో సెట్టు ఎక్కాకే బయటి మనిషి కంట పడుతుంది. ఒక్క పూట పదిమందిని కూర్చోబెట్టి చదివి ఉంటే నాకా తలవంపు తప్పేది.

అందుకని రీడింగే మేలు అనేస్తానా? అనను.

లూయిస్ వాల్డెస్ రాసిన జూట్ సూట్ నాటకాన్నే తీసుకోండి. 1978లో లాస్ ఏంజెలెస్‌లోని మార్క్ టేపర్ ఫోరంలో ఆడింది, మరుసటి ఏడు బ్రాడ్వేకి వెళ్లింది. మొదట్లోనే స్టేజీ నిండా పెద్ద వార్తాపత్రిక తెరలా వేలాడుతుంటుంది. దాన్ని ఒక చాకు చీల్చుకుని వస్తుంది. ఆ చీలికలోంచి ఎల్ పచూకో అనే పాత్ర బయటికొచ్చి, బట్టలు సర్దుకుని నిలబడతాడు. మెక్సికన్ కుర్రాళ్లని పత్రికలు ఎలా చిత్రించాయో, ఆ చిత్రణని ఆ మనిషి ఎలా చింపాడో ఒక్క మాట లేకుండా అర్థమైపోతుంది. ఇదే సంగతి కళ్లద్దాల ఆవిడ "పత్రికను చాకు చీలుస్తుంది" అని చదివితే ఏముంటుంది? నాటకం అక్కడే చప్పబడిపోతుంది. జూట్ సూట్ దాకా ఎందుకు, వాల్డెస్ 1965లో కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటల సమ్మెలో ఎల్ తియాత్రో కంపెసీనో అనే నాటక బృందం మొదలుపెట్టినప్పుడు కూలీలే నటులు, ట్రక్కు వెనక భాగమే స్టేజీ. ఎవరు యజమానో, ఎవరు సమ్మె విరిచేవాడో మెడలో అట్టముక్క వేలాడదీసి చెప్పారు. ఆ సంప్రదాయంలోంచి వచ్చిన నాటకాన్ని కుర్చీలో కూర్చోబెట్టి చదివిస్తే కాళ్లు కట్టేసి పరుగెత్తమన్నట్టే.

ఇంకో చెడ్డ అలవాటు కూడా పుట్టింది. రీడింగు చవక కాబట్టి పెద్ద థియేటర్లు సీజన్‌లో లాటినెక్స్ నాటకం ఒక్కటీ ఆడకపోయినా ఏడాదికో రీడింగు పెట్టి "మేమూ చేశాం" అని చేతులు దులుపుకుంటాయి. రచయిత ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అదే నాటకం పట్టుకుని తిరుగుతాడు. ప్రతిచోటా సలహాలు. నాలుగో రీడింగుకి నాటకం బాగుపడటం మానేసి, సలహాలిచ్చిన వాళ్లందరి పోలికలూ తెచ్చుకుంటుంది.

ఆడి చూపించే పండగ అంటే ఎన్‌క్వెంత్రో. లాస్ ఏంజెలెస్ స్ప్రింగ్ వీధిలో 1916 నాటి పాత బ్యాంకు భవనం ఉంది. అందులోనే లాస్ ఏంజెలెస్ థియేటర్ సెంటర్. అక్కడి లాటినో థియేటర్ కంపెనీ 2014లో దేశం నలుమూలల నుంచి, ప్యూర్టో రికో నుంచి బృందాల్ని పిలిచి నెల రోజులు నాటకాలు ఆడించింది. మళ్లీ 2017లో, 2024లో చేశారు. 2014లో నాకు నచ్చిన సంగతి, వచ్చిన బృందాలు తమ ఆట ఆడేసి బస్సెక్కకుండా అక్కడే ఉండి, ఒకరితో ఒకరు కలిసి పనిచేయడం. ప్రేక్షకుడికి ఇంతకు మించిన విందు లేదు. ఒకే భవనంలో ఓ హాల్లో పాట, ఓ హాల్లో ఏకపాత్ర, ఇంకో హాల్లో కుటుంబ కథ.

కానీ కొత్త రచయితకి అందులో చోటెక్కడ? అక్కడికి వచ్చేవి చాలావరకు ఏదో ఒక బృందం ముందే కట్టుకున్న నాటకాలు. బృందం లేని ఒంటరి రచయిత సొరుగులో నాటకానికి ఆ తలుపు తెరుచుకోదు.

మూడో దారి సోల్ ప్రాజెక్ట్‌ది. న్యూయార్క్‌లో జేకబ్ పద్రోన్ మొదలుపెట్టాడు. 12 మంది లాటినెక్స్ రచయితలు, 12 ఆఫ్ బ్రాడ్వే థియేటర్లు (బ్రాడ్వే కంటే చిన్నవి), ఒక్కొక్కరికి ఒక్కో పూర్తి ప్రదర్శన. ఇదీ పథకం. 2016లో హిలరీ బెట్టిస్ నాటకం ఆలిగేటర్‌తో బోణీ అయింది, మరుసటి ఏడు లూయిస్ అల్ఫారో ఈడిపస్ ఎల్ రే పబ్లిక్ థియేటర్‌లో ఆడింది. రచయిత చేతికి సలహా కాదు, ఆట వస్తుంది. లోటేమిటంటే చాలావరకు ఒకే ఊరు, నడక నెమ్మది. క్యూలో పదకొండోవాడు ఎన్నేళ్లు ఆగాలి? అందుకే కాబోలు, వాళ్లూ తర్వాత సోల్‌ఫెస్ట్ అని ఒక పండగ పెట్టుకున్నారు.

ఈ మూడింటి మధ్య నా మనసు లాగేది మూడోదాని వైపు. అలా అనుకున్నప్పుడల్లా నీలో క్రూస్ అడ్డం వస్తాడు. ఆయన నాటకం ఆనా ఇన్ ద ట్రాపిక్స్‌కి 2003లో పులిట్జర్ వచ్చింది. నాటకానికి ఆ బహుమతి అందుకున్న మొదటి లాటినో రచయిత ఆయనే. అప్పటికి అది ఫ్లోరిడాలో కోరల్ గేబుల్స్ అనే ఊళ్లో, వంద చిల్లర సీట్ల చిన్న థియేటర్‌లో ఆడింది. న్యాయనిర్ణేతలు ఆట చూడలేదు, స్క్రిప్టు చదివే ఇచ్చారు. ఇంతకీ ఆ నాటకం కథేమిటి? 1929లో టాంపా దగ్గర చుట్టల ఫ్యాక్టరీ. క్యూబా నుంచి వచ్చిన పనివాళ్లు చుట్టలు చుడుతుంటే ఒకాయన కుర్చీలో కూర్చుని టాల్‌స్టాయ్ నవల ఆనా కరెనినా చదివి వినిపిస్తుంటాడు. వింటూ వింటూ వాళ్ల బతుకులే తారుమారవుతాయి. నిజంగానే ఆ ఫ్యాక్టరీల్లో అలాంటి చదువరులు ఉండేవాళ్లు, వాళ్ల జీతం పనివాళ్లే చందాలేసి ఇచ్చుకునేవాళ్లు. చదివి వినిపించడంలో ఏముందిలే అనుకునేవాడికి ఇంతకంటే జవాబేం కావాలి!

కాబట్టి నాకు తోచింది ఇది. రెండో ప్రతి చేతిలో ఉంటే రీడింగు పండక్కే పంపండి. ఒకటి, మహా అయితే రెండు. మూడోసారి ఎవరైనా పిలిస్తే "ఆడతారా?" అని అడగండి. "ఆడం" అంటే మర్యాదగా వద్దనండి. నాటకంలో మాట కంటే ఒంటి పని ఎక్కువైతే ఆ ఒక్క రీడింగు కూడా అనుమానమే, చిన్న బృందాన్ని పట్టుకుని పెరట్లోనైనా ఆడటం నయం. ఇక టికెట్టు కొనే ప్రేక్షకుడైతే ఆలోచన అక్కర్లేదు, ఎన్‌క్వెంత్రో మళ్లీ పెట్టినప్పుడు వారం సెలవు పెట్టి వెళ్లండి.

వంటింటి దీపం నాటకాన్ని ఆ తర్వాత ఇంకో రెండు ఊళ్లలో చదివారట. అమ్మమ్మ తిట్టుని రచయిత్రి స్పానిష్‌లోనే ఉంచిందని అక్కడ విన్నవాళ్లు చెప్పారు. ఎవరైనా ఆడినట్టు మాత్రం ఇంకా వినలేదు.