కరోనా కాలంలో సేవాసంస్థకు గూగుల్ ఫామ్స్, షీట్స్: ఎంతవరకు పనికొస్తాయి?

2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా ప్రకటించాక చిన్న సేవాసంస్థలకు రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. విరాళాలు తెచ్చే కార్యక్రమాలు ఆగిపోయాయి. పెద్ద వయసు వాలంటీర్లు గడప దాటలేని పరిస్థితి. సాయం అడిగేవాళ్లు మాత్రం పెరిగారు. ప్రశ్నలడిగి జవాబులు సేకరించే గూగుల్ ఫామ్స్, ఆ జవాబులు పట్టికగా చేరే గూగుల్ షీట్స్, పైసా ఖర్చులేని ఈ రెండింటితో నెట్టుకురావచ్చా అంటే, వాలంటీర్ల పట్టికకు భేషుగ్గా సరిపోతాయి, డబ్బు లెక్కకు సగమే.

ఫామ్‌లో ఐదు ప్రశ్నలు చాలు: పేరు, ఫోన్ నంబరు, వీలైన రోజు, షిఫ్టు, బయట తిరిగే పనా ఇంటి నుంచి ఫోన్లు చేసే పనా. బీపీ, షుగర్ ఉన్నాయా అని అడగనక్కర్లేదు. చివరి ప్రశ్నతోనే పని తేలుతుంది, జబ్బుల చిట్టా దాచే తలనొప్పీ తప్పుతుంది. ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న పెట్టకండి. దానికి గూగుల్ ఖాతా తప్పనిసరి, లేనివాళ్లు అక్కడే ఆగిపోతారు.

షిఫ్టుకు నలుగురు చాలన్నా ఫామ్ ఐదో మనిషిని ఆపదు. షీట్‌లో ఒక్కో షిఫ్టుకు ఎందరున్నారో లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్ ఫార్ములాతో లెక్క చూసుకుంటూ, నిండిన షిఫ్టును చేత్తో తీసేయాలి. నిజానికి ఆరుగురు వచ్చేదాకా ఉంచడమే మేలు. పొద్దున్నే ఎవరికో ఒకరికి జ్వరమని కబురు వస్తుంది.

ఎక్కువమంది బోల్తాపడేది ఇంకోచోట. కావలసిన వరుసలను మాత్రమే చూపే ఫిల్టర్ ఫార్ములాతో జవాబులను వేరే ట్యాబ్‌లోకి తెచ్చుకుని, పక్క గడిలో "ఫోన్ చేశాం, వస్తానన్నారు" అని రాసుకుంటారు. కొత్త పేరు మధ్యలో చేరితే పేర్లు ఒక వరుస కిందికి జరుగుతాయి, చేత్తో రాసినవి జరగవు. ఒకరి మాట ఇంకొకరి పక్కన పడుతుంది. అలాంటి నోట్సు అసలు జవాబుల ట్యాబ్‌లోనే, ఆ మనిషి వరుసలోనే రాయాలి.

ఫామ్ తనంతట తాను విరాళం వసూలు చేయదు, రసీదూ ఇవ్వదు. లెక్క రాయడానికి తేదీ, మొత్తం, రసీదు నంబరుతోపాటు "దేనికోసం" అనే నిలువు వరుస ఉండి తీరాలి. ఆహారం కోసమని ఇచ్చిన డబ్బుతో అద్దె కట్టకూడదు కదా. ఖాతాలో నిండుగా కనిపిస్తున్నా జీతాలకు చేతిలో ఏమీ లేకపోవచ్చు. ఎంచుకున్న రకం మొత్తాలను మాత్రమే కూడే సమ్‌ఇఫ్స్ ఫార్ములాతో, ఫలానా పనికే అని షరతు పెట్టని విరాళాల మొత్తాన్ని విడిగా తీసి, అందులో ఇప్పటికే ఖర్చయింది పోగా మిగిలినదాన్ని నెలవారీ ఖర్చుతో భాగిస్తే ఇంకెన్ని నెలలు నడుస్తుందో తెలుస్తుంది.

ఫైలు ఒకరి సొంత ఖాతాలో కాకుండా సంస్థ ఖాతాలో ఉంచి, ఎడిట్ హక్కు ఇద్దరికి ఇవ్వండి. మొత్తాలున్న వరుసను వేరేవాళ్లు మార్చకుండా ప్రొటెక్ట్ చేయండి. పొరపాటున ఏదైనా చెరిగిపోతే వెర్షన్ హిస్టరీ నుంచి వెనక్కి తెచ్చుకోవచ్చు.