నయా ఖిలాలో గోల్ఫ్ వాచీ: ముందు, మధ్య, వెనక

గార్మిన్ అప్రోచ్ ఎస్12 వాచీ కొనమని మాతో గోల్ఫ్ ఆడే ఆడవాళ్లందరికీ చెబుతున్నాను. ఎందుకని అడిగినవాళ్లకు ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకసారి వివరంగా రాస్తే మేలనిపించింది.

నేను రోడ్ల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. చైన్ లాగించడం, లెవెల్ పెట్టించడం, కొలత పుస్తకంలో రాయించి సంతకం పెట్టడం, ఇదే నా ఉద్యోగం. దూరం చెప్పే వస్తువు ఏది చేతికొచ్చినా దాని మాట నిజమో కాదో తేల్చుకోకుండా నేను నమ్మలేను. ఆడేది హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన నయా ఖిలాలోని గోల్ఫ్ కోర్సులో. తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందే.

గోల్ఫ్ వాచీల గురించి నేను చదివిన సమీక్షలన్నీ మగవాళ్లు రాసినవే. వాటిలో 7 ఐరన్ అంటే 150 గజాలు. (ఐరన్, డ్రైవర్, వుడ్, హైబ్రిడ్, వెడ్జ్, ఇవన్నీ క్లబ్బుల, అంటే బంతిని కొట్టే కర్రల పేర్లు. డ్రైవర్‌ది అన్నిటికంటే ఎక్కువ దూరం, వెడ్జ్ దగ్గరి షాట్లకు.) నాకు 150 అంటే డ్రైవర్‌కీ ఫెయిర్‌వే వుడ్‌కీ మధ్య దూరం. నా 7 ఐరన్ 100 గజాలు, 6 ఐరన్ 110, 5 హైబ్రిడ్ 120. డ్రైవర్ బాగా తగిలితే 165. నాలాంటివాళ్లకు దూరం తెలియడం ఇంకా ముఖ్యం. గట్టిగా కొట్టేవాళ్లు గ్రీన్ (జెండా, గుంత ఉండే నున్నటి గడ్డి) దగ్గరికి చేరేసరికి వెడ్జ్ చేతిలో ఉంటుంది. మేం అదే చోటికి హైబ్రిడ్‌తో కొట్టాలి. పొడవు క్లబ్బుతో ఎంచుకున్న దూరమే తప్పయితే ఇక సరిచేసుకునే వీలుండదు.

వాచీ చేసే పని చూడటానికి చిన్నదే. కోర్సుకు వెళ్లి బటన్ నొక్కితే మనం ఎక్కడున్నామో కనిపెట్టి ఆ కోర్సు మ్యాప్ తెరుస్తుంది. 40 వేలకు పైగా కోర్సుల మ్యాప్‌లు ముందే అందులో ఉంటాయి, దానికి నెలనెలా కట్టే చందా లేదు. తెర మీద మూడు అంకెలు కనబడతాయి: గ్రీన్ ముందు అంచుకు ఎంత, మధ్యకు ఎంత, వెనక అంచుకు ఎంత. బంకర్లు (ఇసుక గుంతలు), నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో ఇంకో బటన్ నొక్కితే వస్తుంది. ఒక హోల్ పూర్తిచేసి తర్వాతి టీ (తర్వాతి హోల్ ఆట మొదలుపెట్టే చోటు) దగ్గరికి నడిస్తే మ్యాప్ దానంతట అదే మారిపోతుంది.

ఈ అంకెలు ఎంతవరకు నిజం? చాలా కోర్సుల్లో గ్రీన్ మధ్య నుంచి 150 గజాల దగ్గర ఒక గుర్తు పెడతారు. ఆటగాళ్లెవరూ లేని ఒక సాయంత్రం అనుమతి తీసుకుని, 30 మీటర్ల టేపుతో ఆ గుర్తు దగ్గర నుంచి గ్రీన్ మధ్యకు కొలిచాను. 150 గజాలంటే 137.16 మీటర్లు. మా కేడీ (ఆటలో సంచి మోసి సలహా చెప్పే మనిషి) టేపు చివర పట్టుకున్నాడు. టేపు లెక్కకు 151 గజాలొచ్చింది. వాచీ 149 చూపింది. మరో రోజు అదే చోట నిలబడితే 152 చూపింది. అంటే ఒకటి రెండు గజాలు అటూ ఇటూ. రోడ్డు పనికైతే ఈ కొలత నేను ఒప్పుకోను. గోల్ఫ్‌కు మాత్రం ఇది ధారాళంగా సరిపోతుంది, ఎందుకంటే నా షాట్లు ఒకే క్లబ్బుతో కొట్టినా అంతకంటే ఎక్కువ తేడాతో పడతాయి.

ఆ ఒకటి రెండు గజాల తేడా వాచీ లోపం కాదు. 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సంకేతాలు అందితేనే మన స్థానం తేలుతుంది. సంకేతం రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లెక్క కడతారు కాబట్టి, సెకనులో వంద కోట్లవ వంతు పొరపాటు జరిగినా 30 సెంటీమీటర్ల తేడా వస్తుంది. పైన ఆకాశం తెరిచి ఉంటే లెక్క బాగుంటుంది. దట్టమైన చెట్ల కిందో, పెద్ద బండ పక్కనో నిలబడితే సంకేతం తగిలి తిరిగొచ్చి కొంచెం తేడా పడుతుంది. చెట్ల కింద బంతి ఆగినప్పుడు నేను గ్రీన్ వైపు నాలుగడుగులు బయటికొచ్చి అంకె చూసి, ఆ నాలుగడుగులు కలుపుకుంటాను. 2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం పౌరులకిచ్చే సంకేతంలో కావాలని కలిపే తేడాను ఆపేసింది. అంతకుముందు ఆ తేడా పదుల మీటర్లలో ఉండేది. అది అలాగే కొనసాగి ఉంటే ఈ వాచీలకు అర్థమే లేదు.

నయా ఖిలాలో కంటి అంచనా ఎందుకు తప్పుతుందో ఇంజనీరుగా నాకు చాలా ఆసక్తి. 1656లో మొగలుల ముట్టడి తర్వాత అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో గోల్కొండకు కలిపి కట్టిన భాగం ఇది. ఆ గోడలు, తొమ్మిది మడతల బురుజు, ఊడలమర్రి కంటే లావుగా పెరిగిన ఆ పాత బావొబాబ్ చెట్టు, అన్నీ భారీవే. జెండా వెనక అంత పెద్ద గోడ కనబడుతుంటే జెండా దగ్గరున్నట్టు అనిపిస్తుంది. మనకూ గ్రీన్‌కూ మధ్య పల్లం ఉంటే, ఆ పల్లంలోని నేల కంటికి కనబడదు కాబట్టి దూరం ఇంకా తగ్గినట్టుంటుంది. కోర్సులు డిజైన్ చేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అమెరికాలో పేరుపొందిన అగస్టా నేషనల్ కోర్సును గోల్ఫ్ ఆటగాడు బాబీ జోన్స్‌తో కలిసి రూపొందించిన అలిస్టర్ మెకంజీ వృత్తిరీత్యా వైద్యుడు. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో బోయర్ సైనికులు కందకాలను కనబడకుండా దాచిన తీరును గమనించి, ఆ విద్యను బంకర్ల దగ్గర వాడాడు. గ్రీన్‌కు ఆనుకుని ఉన్నట్టు కనిపించే బంకర్ దగ్గరికి వెళ్లి చూస్తే, దాని వెనక ఇంకో ఇరవై గజాల ఫెయిర్‌వే (గ్రీన్ దాకా పరిచిన గడ్డి దారి) దాగి ఉంటుంది. అలాంటి చోట వాచీ చూపే అంకెను ముందు మనసు ఒప్పుకోదు. దాన్నే నమ్మి ఆడాలి.

ఇక మూడు అంకెల సంగతి. ఈ సమీక్షలో నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. మాతో ఆడేవాళ్లలో వాచీ పెట్టుకున్నవాళ్లు చాలామంది మధ్య అంకె ఒక్కటే చూసి క్లబ్బు తీస్తారు. ఒక పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్) దగ్గర నా వాచీ 96, 109, 121 చూపుతుందనుకోండి. ముందు అంచుకూ వెనక అంచుకూ మధ్య 25 గజాలు. నా లెక్కలో అది 7 ఐరన్ నుంచి 5 హైబ్రిడ్ దాకా. జెండా వెనక భాగంలో ఉంటే 109కి కొట్టిన షాట్ గ్రీన్ మీదే ఆగినా, ఇంకా పన్నెండు గజాల దాకా పట్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బ) మిగులుతుంది. జెండా ముందు భాగంలో, బంకర్ వెనకాలే ఉంటే, దానికి సరిగ్గా కొట్టబోతే బంతి ఇసుకలో పడుతుంది. అక్కడ మధ్యకే కొట్టాలి. అందుకని ముందు అంకె చూసి ఏ క్లబ్బు సరిపోదో తేల్చుకుంటాను, వెనక అంకె చూసి ఏది ఎక్కువో తేల్చుకుంటాను. మధ్యలో మిగిలిన రెండు క్లబ్బుల్లో పెద్దదే తీసుకుంటాను. మా స్థాయి ఆటగాళ్ల షాట్లు ఎక్కువగా పొట్టిగానే పడతాయి, గ్రీన్ దాటిపోయేవి అరుదు. ఆపదలు కూడా చాలా గ్రీన్లకు ముందువైపే ఉంటాయి. తెరమీద గ్రీన్ ఆకారం చూసి జెండాను మనమే జరిపే సదుపాయం కూడా ఉంది. జెండా ఏ రోజు ఎక్కడ పెట్టారో వాచీకి తెలియదు, మనం చెప్పాలి.

కొట్టిన షాట్ ఎంత దూరం వెళ్లిందో కూడా వాచీ చూపుతుంది. ఇది నాకు చాలా పనికొచ్చింది. కాకపోతే ఆ అంకెలో బంతి దొర్లిన దూరం కలిసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. నా 7 ఐరన్ 100 గజాల్లో గాలిలో వెళ్లేది 92, మిగతాది దొర్లేది. బంకర్ దాటాలంటే లెక్కలోకి వచ్చేది ఆ 92 మాత్రమే. ఏప్రిల్, మే నెలల్లో మన నేల ఎండి గట్టిపడి బంతి ఇంకా ముందుకు పరుగెడుతుంది. ఆగస్టులో వానకు నాని ఉంటే పడ్డచోటే కూరుకుంటుంది. అందుకే నా దగ్గర రెండు పట్టికలున్నాయి, ఎండకాలానికి ఒకటి, వానాకాలానికి ఒకటి. చెన్నైలో ఆడే మా చెల్లెలికి ఈ పట్టిక ఇవ్వలేను. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. గాలి కాస్త పలచన, బంతి ఒకటి రెండు గజాలు ఎక్కువే వెళుతుంది.

ఈ మోడల్ చెప్పనిది ఎత్తుపల్లాల సంగతి. గ్రీన్ మనకంటే 5 మీటర్లు ఎత్తులో ఉందనుకోండి. 137 మీటర్ల దూరానికి ఆ వాలు వెంబడి టేపు పెట్టి కొలిచినా 10 సెంటీమీటర్ల తేడా కూడా రాదు. అందుకే వాచీ అంకె మారదు. బంతికి మాత్రం తేడా చాలా ఉంటుంది. కిందికి దిగాల్సిన బంతికి నేల ముందే అడ్డొస్తుంది కాబట్టి ఐదారు గజాలు ఎక్కువ కొట్టాలి. నాలాగా బంతిని తక్కువ ఎత్తులో కొట్టేవాళ్లకు ఇంకా ఎక్కువ. ఖరీదైన మోడళ్లు ఇది కూడా లెక్కకట్టి చెబుతాయి. కానీ పోటీల్లో ఆ సదుపాయం వాడకూడదు. 2019 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం, కమిటీ ప్రత్యేకంగా వద్దంటే తప్ప, దూరం చూసుకోవచ్చు. ఎత్తుపల్లాలు కొలవడం మాత్రం నిషేధం. స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే పోటీలో) మొదటిసారి 2 స్ట్రోకుల శిక్ష, మళ్లీ చేస్తే ఆట నుంచి తీసేస్తారు. ఎస్12లో ఆ సదుపాయమే లేదు కాబట్టి పోటీ రోజున ఆ టెన్షన్ లేదు.

ఎత్తు, గాలి, జెండా, వీటికి నాకు మా కేడీ ఉన్నాడు. చిన్నప్పటి నుంచీ ఈ నేల మీద నడిచిన మనిషి. వాచీ కొన్న కొత్తలో, ఇక తన మాట అడగనేమో అని అనుకున్నాడట. ఇప్పుడు మా ఇద్దరి మధ్య పని చక్కగా పంచుకున్నాం. నేను అంకెలు చదువుతాను. "వాచీల నూట తొమ్మిది అంటుందా మేడమ్? జెండా ఎన్కకున్నది, పైకి ఎక్కాలె. నూట ఇరవై అనుకొని కొట్టుండ్రి" అంటాడు. "గాలి?" అంటే గడ్డి పరక తుంచి వదిలి, "ఇక్కడ లేదు గానీ, గోడ దాటినంక ఎదురొస్తది" అంటాడు. కోట గోడ చాటున కింద గాలి తెలియదు, బంతి పైకి లేచాక తగులుతుంది. ఆ మాట ఏ ఉపగ్రహమూ చెప్పలేదు. వాచీ ఉంది కదా అని కేడీని వద్దనుకునేవాళ్లతో నేను ఏకీభవించను. అది వాళ్ల జీవనాధారం కూడా.

దూరం కొలిచే లేజర్ పరికరం కొనాలా, వాచీనా అని అడుగుతున్నారు. లేజర్ జెండాకే గురిపెట్టి గజం తేడాతో చెబుతుంది, అందులో దానికి తిరుగులేదు. కాకపోతే జెండా కంటికి కనబడాలి, చేయి వణకకూడదు, ప్రతి షాట్‌కూ సంచిలోంచి తీసి పెట్టాలి. గ్రీన్ ముందు అంచు ఎంత దూరమో అది సూటిగా చెప్పదు. చేయి నిలకడగా ఉండి 7 ఐరన్‌తో జెండాకు దగ్గరగా వేయగలిగినవాళ్లకు లేజర్. నాకు, నాలాంటివాళ్లకు వాచీ.

మిగతావి క్లుప్తంగా. తెర ఎండలో ఇంకా స్పష్టంగా కనబడే రకం, మన ఊరి ఎండకు ఇదే సరైనది. కళ్లజోడు లేకుండా చదవాలంటే పెద్ద అంకెల పద్ధతి పెట్టుకోవచ్చు. టచ్ లేదు, అన్నీ బటన్లే. చెమట చేతికి, గ్లవ్ చేతికి బటనే సుఖం. జీపీఎస్ నడుస్తుండగా బ్యాటరీ 30 గంటల దాకా వస్తుందని కంపెనీ చెబుతుంది. వారాంతపు ఆటలకు నేను ఛార్జింగ్ గురించి ఆలోచించడమే లేదు. గుండె కొట్టుకోవడం, నిద్ర లెక్కలు ఇందులో ఉండవు. అవి కావాలంటే వేరే మోడల్ చూసుకోండి.

కొనేముందు రెండు పనులు చేయండి. మీరు ఆడే కోర్సు జాబితాలో ఉందో లేదో కంపెనీ వెబ్‌సైట్‌లో వెతకండి. కోర్సులో గ్రీన్లు మార్చి కట్టినప్పుడు ఏ కంపెనీ మ్యాప్ అయినా కొంతకాలం పాతదే చూపుతుంది, ఫోన్ యాప్‌తో అప్‌డేట్ చేసుకోవాలి. రెండోది, దుకాణంలో ఇండియా వారంటీ ఉన్న పెట్టె అడిగి, బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. మా స్నేహితురాలికి నగరంలో ఒక దుకాణంవాళ్లు విదేశీ పెట్టె తక్కువ ధరకు అంటగట్టారు. ఛార్జింగ్ కేబుల్ పాడైనప్పుడు వాళ్లూ పట్టించుకోలేదు, వారంటీ కూడా పనికిరాలేదు. ఈ వాచీ కేబుల్ ఫోన్లకు వాడే రకం కాదు, ఇంట్లో ఉన్న ఏ కేబుల్‌తోనూ నడవదు. వాచీతో పాటే ఇంకో కేబుల్ కొని గోల్ఫ్ సంచిలో వేసుకోండి.