ఆరేళ్ల వాడకంలో థ్రెడ్‌లెస్ హెడ్‌సెట్: వదులు ఎక్కడ మొదలవుతుంది, ఎలా పోతుంది

బెంగళూరులో మారతహళ్లి నుంచి ఆఫీసుకు రోజూ సైకిల్ మీదే వెళ్లే నేను, థ్రెడ్‌లెస్ హెడ్‌సెట్‌ను (ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు, హ్యాండిల్ తేలిగ్గా తిరిగేలా ఫ్రేము ముందు భాగంలో ఉండే బేరింగుల అమరిక, ఈ రకంలో ఫోర్కు గొట్టానికి మరలుండవు) 6 ఏళ్లుగా వాడుతున్నాను. అందులో మొదటి రెండేళ్లు పడ్డ అవస్థకు మూలం, హ్యాండిల్ మధ్యలో పైన బోల్టుతో ఉండే టాప్ క్యాప్ అనే మూత ఏ పనికి ఉందో నాకు తెలియకపోవడమే.

రెండో ఏడు వానలు ముగిసేసరికి, స్పీడ్ బ్రేకర్ల దగ్గర ముందు బ్రేకు నొక్కిన ప్రతిసారీ హ్యాండిల్ కింద ‘టక్’మని చప్పుడు రావడం మొదలైంది. దగ్గరలోని దుకాణంలో చూపిస్తే టాప్ క్యాప్ బోల్టును బలంకొద్దీ బిగించి ఇచ్చారు. వదులు పోలేదు, మూడుసార్లు వెళ్లినా అదే వైద్యం. నంది కొండ దిగుతూ మలుపుల్లో బ్రేకు పట్టినప్పుడల్లా ముందు చక్రం వణుకుతుంటే, ఆ దిగుడంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగాను.

పాతరకం హెడ్‌సెట్‌లో ఫోర్కు గొట్టానికి మరలుండి, నట్లే బేరింగులను పట్టి ఉంచుతాయి. ఇందులో టాప్ క్యాప్ బోల్టు గొట్టం లోపల దిగ్గొట్టి ఉండే స్టార్ నట్‌ను (నక్షత్రం ఆకారపు నట్టు) పైకి లాగుతూ, హ్యాండిల్‌ను గొట్టానికి కలిపే స్టెమ్‌ను కిందికి నొక్కుతుంది, అంతే. ఆ బిగువును నిలిపి ఉంచేవి స్టెమ్ పక్కనున్న రెండు బోల్టులు. వాటిని వదులు చేయకుండా పైన ఎంత తిప్పినా స్టెమ్ కిందికి దిగదు, స్టార్ నట్ మాత్రం లోపల పట్టు జారుతుంది.

అందుకే ఇప్పుడు ముందుగా పక్క బోల్టులను వదులు చేసి, టాప్ క్యాప్‌ను పావు చుట్టు చొప్పున తిప్పుతాను. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపుతూ, ఫోర్కు ఫ్రేములో కలిసే చోట నాడి చూసినట్టు వేలు ఆనిస్తే, అక్కడి సన్నని కదలిక వేలికి స్పష్టంగా తెలుస్తుంది. అది ఆగిన చోటే ఆపాలి. చక్రాన్ని నేల మీంచి లేపి ఫ్రేమును కాస్త వంచితే హ్యాండిల్ తన బరువుకు తానే పక్కకు తిరగాలి, లేకుంటే బిగువు ఎక్కువైనట్టు. తర్వాత హ్యాండిల్‌ను చక్రానికి సూటిగా నిలిపి, పక్క బోల్టులను ఒకదాని తర్వాత ఒకటిగా, స్టెమ్ మీద రాసి ఉన్న బిగింపు కొలత 5 న్యూటన్ మీటర్ల వరకు బిగిస్తాను.

ఇంత చేసినా నాకు మొదటిసారి వదులు పోలేదు. క్యాప్ తీసి చూస్తే ఫోర్కు గొట్టం స్టెమ్ పైఅంచుకు సమానంగా ఉంది. క్యాప్ గొట్టానికే ఆనిపోతుంటే స్టెమ్ మీద ఒత్తిడి పడే దారే లేదు. గొట్టం అంచు 2, 3 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. స్టెమ్ పైన 5 మిల్లీమీటర్ల స్పేసర్ (ఉంగరం లాంటి బిళ్ల) ఒకటి వేయగానే కదలిక ఆగిపోయింది. (కార్బన్ ఫోర్కు ఉన్నవారు స్టార్ నట్ దిగ్గొట్టకూడదు, దానికి గొట్టం లోపల విచ్చుకుని పట్టే ఎక్స్‌పాండర్ ప్లగ్ వాడాలి.)

అయితే నెలల తరబడి వదులుగా తొక్కిన ఫలితం అప్పటికే లోపల ఉంది: ఫ్రేములో బేరింగు కూర్చునే కింది కప్పులో బాల్స్ గుంటలు పెట్టడంతో, హ్యాండిల్ నేరుగా వచ్చిన చోట పట్టేసేది. కప్పులను నొక్కి దించే ప్రెస్ ఉన్న దుకాణంలో కప్పులతో సహా మార్పించి, సీల్డ్ కార్ట్రిడ్జ్ బేరింగుల (బాల్స్ లోపలే ఉండి సీలు వేసి ఉండేవి) హెడ్‌సెట్ వేయించుకున్నాను. ఈ నాలుగేళ్లలో చక్రం చిమ్మే బురదనీళ్లకు కింది బేరింగు ఒకసారి తుప్పుపట్టి గరగరలాడింది, మార్చాను. పైది ఇప్పటికీ మొదటిదే. రబ్బరు సీలు ఇంకాస్త మందంగా ఉంటే బాగుండేదన్నదే నా ఫిర్యాదు. ఏటా వానలకు ముందు ఫోర్కు దించి, కింది బేరింగు చుట్టూ గ్రీజు దట్టంగా పూస్తున్నాను.