ఆయిల్ ట్యాంకు తీసేసి గ్యాస్ లైను వేయించాం: రెండు చలికాలాల తర్వాత

మాది న్యూజెర్సీలో పాత ఇల్లు. 2019లో కొన్నప్పుడు బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టడానికి నూనె మండించి నీళ్లు కాచే ఆయిల్ బాయిలర్, పక్కనే 275 గ్యాలన్ల ట్యాంకు ఉండేవి. గుంటూరు నుంచి వచ్చిన అమ్మ మెట్లు దిగబోతూ ఆగి, "కిరసనాయిలు స్టవ్వు ఎవరు ముట్టించార్రా?" అంది. ట్యాంకర్ వాడు నూనె పడుతున్నంతసేపూ బయటి గొట్టం ఈల వేస్తుంది. ఈల ఆగిందంటే ట్యాంకు నిండినట్టు. మన కుక్కర్‌కి తిరగేసిన లెక్క.

వేడికైతే ఆయిల్‌కి వంక పెట్టలేను. గొడవంతా ట్యాంకులో నూనె ఎంత మిగిలిందో చూపే గేజు చూసుకోవడంతోనే. ఒక జనవరి ఆదివారం మర్చిపోయాను, రాత్రికి బాయిలర్ ఆగింది. బంకుకెళ్లి ఐదు గ్యాలన్ల డీజిల్ తెచ్చి పోశాను. ఈ బర్నర్లలో అది మండుతుంది. కానీ లైన్లో గాలి చేరడంతో, మెకానిక్ వచ్చి ఆ గాలి తీసేదాకా పిల్లలు జాకెట్లతోనే పడుకున్నారు. 2022లో గ్యాలన్ ఐదు డాలర్లు దాటాక ఇక చాలనుకున్నాం. మా వీధిలో గ్యాస్ మెయిన్, అంటే ఇళ్లకి గ్యాస్ ఇచ్చే పెద్ద పైపు, అప్పటికే ఉంది.

ధరలు పోల్చేటప్పుడు చాలామంది ఒక పొరపాటు చేస్తారు, రెండు రేట్లనీ నేరుగా పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆయిల్ గ్యాలన్లలో, గ్యాస్ థర్మ్‌లలో అమ్ముతారు. గ్యాలన్ ఆయిల్‌లో సుమారు 1,38,500 బీటీయూల (వేడిని కొలిచే యూనిట్) వేడి ఉంటుంది, థర్మ్ అంటే 1,00,000. అందుకని గ్యాలన్ ధరని 1.385తో భాగించాలి. ఆ తర్వాత బాయిలర్ సామర్థ్యంతో, అంటే ఆ వేడిలో ఇంట్లోకి చేరే భాగంతో, రెండు ధరల్నీ భాగించాలి. మా పాతది 82 శాతం, కొత్తది 95. నేను లెక్క కట్టినప్పుడు ఆయిల్ 3.60 డాలర్లు, గ్యాస్ థర్మ్ 1.40. ఇంట్లోకి వచ్చే వేడి ప్రకారం చూస్తే 3.17కి 1.47. సగం కన్నా తక్కువ!

అయితే ఆ 95 శాతం కాగితం మీది మాట. బేస్‌బోర్డుల (గోడల అడుగున ఉండే వేడినీళ్ల హీటర్లు) నుంచి తిరిగొచ్చే నీళ్లు బాగా వేడిగా ఉంటే అంత రాదు. బాయిలర్ నీళ్ల వేడి తగ్గించి పెట్టమని ఇన్‌స్టాలర్‌ని మనమే అడగాలి. మా వాడు చెప్పలేదు, నేనే మాన్యువల్ చదివి తగ్గించుకున్నాను.

బాయిలర్, కొత్త పైపులు, ట్యాంకు తీయించడం, పర్మిట్లు కలిపి 13 వేల డాలర్లు దాటింది. ఆ డబ్బు ఆదా రూపంలో ఇంకా తిరిగి రాలేదు. మొదటి చలికాలంలోనే ఒక రాత్రి ఇదీ ఆగింది. ఈ రకం బాయిలర్ పొగలోని ఆవిరి చల్లబడి నీరవుతుంది. ఆ నీటిని తోడే చిన్న పంపు నాచు పట్టి మూసుకుపోయింది. నలభై డాలర్ల పంపు, రెండు వందల విజిట్. ఇప్పుడు ఏటా అక్టోబరులో నేనే కడుగుతున్నాను.

కరెంటు పోతే గ్యాస్ బాయిలర్ పనిచేస్తుందని కొందరంటారు. చేయదు, రెండూ ఆగుతాయి.

వీధిలో మెయిన్ ఉండి, బాయిలర్ ముసలిదైతే మార్చేయండి. మంచి కండిషన్‌లో ఉంటే కంగారొద్దు, గేజు మీద కన్నుంచండి చాలు. పాత ఇల్లు కొనేవాళ్లు మాత్రం, వాడకంలో లేని ట్యాంకు పెరట్లో పూడ్చిపెట్టి ఉందేమో సంతకాలకి ముందే వెతికించండి. అది కారి మట్టిలోకి దిగితే, బాగుచేయించే ఖర్చు ముందు మా 13 వేలు ఒక లెక్క కాదు.