ఫ్లైబేస్ రివ్యూ: పైఆర్ఎన్ఏల మీద పని మొదలుపెట్టేవాళ్ల కోసం

పండు ఈగల ల్యాబ్‌లో చేరినవాళ్లు ఎవరైనా ఫ్లైబేస్ (ఈ ఈగల జీన్ల ఆన్‌లైన్ డేటాబేస్) వాడతారు, కానీ ట్రాన్స్‌పోజాన్ల (జీనోమ్‌లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకే డీఎన్ఏ ముక్కలు) కోసం దాన్ని ఎలా వాడాలో కొత్తవాళ్లకి కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ, అందుకే రాస్తున్నా. 1992 నుంచి నడుస్తున్న డేటాబేస్ ఇది, చూడటానికి పైసా కట్టక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది ట్రాన్స్‌పోజాన్ల సీక్వెన్స్ ఫైల్. పైఆర్ఎన్ఏలు, అంటే ట్రాన్స్‌పోజాన్లని అణిచే చిన్న ఆర్ఎన్ఏలు, 23 నుంచి 29 అక్షరాలే ఉంటాయి, జీనోమ్ మీద మ్యాప్ చేస్తే (ఎక్కడ సరిపోతాయో చూస్తే) ఒకే రీడ్ (సీక్వెన్సర్ చదివిన ఒక ముక్క) పది చోట్ల అతుక్కుంటుంది, అదే ముందు ఈ ఫైల్ మీద మ్యాప్ చేస్తే ఏ ఎలిమెంట్‌కి ఎన్ని వచ్చాయో తేలిగ్గా తెలిసిపోతుంది. ఫ్లమెంకో (పైఆర్ఎన్ఏలు పుట్టే ఒక చోటు) పేజీ కూడా తప్పకుండా చూడండి, ఫ్లమెంకో ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, ప్రోటీన్ ఏమీ తయారుచెయ్యదు, పాత ట్రాన్స్‌పోజాన్ ముక్కలన్నీ అందులో పేరుకుపోయి ఉంటాయి, జిప్సీ అనే ట్రాన్స్‌పోజాన్‌ని అణిచేది అదే.

ఇబ్బంది ఎక్కడంటే పీ ఎలిమెంట్ అనే ట్రాన్స్‌పోజాన్ దగ్గర. 1982లో రూబిన్, స్ప్రాడ్లింగ్ దాన్ని జీన్లు ఎక్కించే వెక్టర్‌గా మార్చాక ఆ పేరుతో ట్రాన్స్‌జీన్లు (బయటి నుంచి ఎక్కించిన జీన్లు) కుప్పలు తెప్పలుగా వచ్చాయి, అసలు సహజమైన పీ కోసం వెతికితే ఇవన్నీ అడ్డం పడతాయి. ఈగల స్టాక్ ఆర్డర్ పెట్టేముందు అది నిజంగా పీ స్ట్రెయినేనా (పీ ఎలిమెంట్ ఉన్న ఈగల రకమేనా) అని పేపర్ దాకా వెళ్లి చూసుకోండి. ఎందుకంటే హార్విచ్ లాంటి పీ స్ట్రెయిన్ మగదాన్ని, పీ లేని కాంటన్-ఎస్ ఆడదాన్ని కలిపి 29 డిగ్రీల్లో పెంచితే పిల్లలు గొడ్డుపోతాయి, అదే తల్లి హార్విచ్, తండ్రి కాంటన్-ఎస్ అయితే పిల్లలకి ఏమీ కాదు! రెండు క్రాసుల్లోనూ ఆడపిల్లలకి వచ్చే క్రోమోజోములు అవే, తేడా అంతా తల్లి గుడ్డులో పెట్టి పంపే పైఆర్ఎన్ఏల్లో ఉంది, 2008లో బ్రెనెకె వాళ్లు చూపించింది ఇదే. పిల్లల అండాశయంలో ఆ చిన్న ఆర్ఎన్ఏలు పీవీ ప్రోటీన్లకి దారి చూపించి పీ ఎలిమెంట్‌ని అణిచేస్తాయి. కాబట్టి స్టాక్ నంబర్ ఒక్కటే రాసుకుంటే చాలదు, తల్లి ఎవరో తండ్రి ఎవరో కూడా నోట్‌బుక్‌లో ఉండాలి.

5కి 4.5 ఇస్తా, ఆ అర మార్కు సెర్చ్ కోసం తగ్గించా. 2025లో హార్వర్డ్‌కి ఫ్లైబేస్ కోసం వచ్చే గ్రాంట్ ఆగిపోయి ఫ్లైబేస్‌కి పెద్ద దెబ్బ తగిలింది, గ్రాంట్లున్న ల్యాబ్‌లు దయచేసి ఎంతో కొంత పంపండి.